ఇలా అంటే ఎలా

ఆ వేసవిలో మా మేడ మీద తొమ్మిది వయొలిన్లు ఒకేసారి కూసేవి. కింద షాపులో బేరం మాట్లాడుతుంటే నా మాట నాకే వినపడేది కాదు. ఎదురు వరసలోని దర్జీ కుట్టు మిషను ఆపి, చెవిలో వేలు పెట్టుకుని, "ఏమ్మా, మేడ మీద ఎన్ని పిల్లుల్ని పెంచుతున్నారు?" అని కేకేసేవాడు. వచ్చిన గిరాకీలో సగం మంది ఆ రొదకే బెదిరి వెళ్లిపోయేవాళ్లు. వ్యాపారం చేసే మనిషిని కనక, ఏ కాలాన్ని తలుచుకున్నా ఏం వచ్చింది, ఏం పోయింది అని రెండు కుప్పలు పోసి చూడటం నాకు అలవాటు. ఆ ఒక్క వేసవిని మాత్రం ఇన్నేళ్లయినా ఏ కుప్పలో వెయ్యాలో తేలక, పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఉంటాను.

మాది వాయిద్యాల షాపు. ముందు గది అమ్మకానికి, వెనక గది మరమ్మతులకి. వెనక గదిలో మా ఆయన జిగురు గిన్నె ముందు కూర్చుని విరిగినవి అతికిస్తూ ఉంటాడు. మాట్లాడటం ఆయన శాఖ కాదు, నాది. మేడ మీద పొడుగాటి గది మా అత్తగారిది. ఆవిడ వయొలిన్ టీచరు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆ గది ముందు పొద్దునా సాయంత్రం పిల్లల చెప్పులు మెట్ల దాకా ఉండేవి. అలాంటి గది ఆ ఏడాది మూగపోయింది. ఒకడికి శ్రద్ధ లేదని, ఒకమ్మాయి గోళ్లు కత్తిరించుకోదని, ఇంకొకడి తల్లి నోరు పెద్దదని, ఏదో ఒక వంక పెట్టి అత్తగారు శిష్యుల్ని ఒక్కొక్కర్నే సాగనంపేశారు. పెద్దతనంతో పాటు చాదస్తం కూడా ముదిరిందనుకున్నాను.

బళ్లకి సెలవులు ఇవ్వబోతుండగా బళ్ల పర్యవేక్షకురాలు మా షాపుకి వచ్చింది. ముడిచిన గొడుగులా సన్నగా, నిటారుగా ఉండే మనిషి. పిల్లలకి వాయిద్యం కూడా నేర్పించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. అంతమంది సంగీతం టీచర్లని ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని, బళ్లలో ఉన్న టీచర్లలోనే చిన్నప్పుడు నాలుగు స్వరాలు నేర్చుకుని వదిలేసినవాళ్లని పోగుచేసింది.

"వాళ్లు ఎంతో కొంత వాయిస్తారమ్మా. నేర్పడమే రాదు" అంది, గోడకి వేలాడే వయొలిన్ల మీంచి చూపు తిప్పకుండా. "నేర్పడం ఎలాగో నేర్పేవాళ్లు కావాలి. ఈ సెలవుల్లో అది జరక్కపోతే పథకం అటకెక్కినట్టే."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. బడికో వయొలిన్ల గది అంటే తెగే తీగలు, ఊడే బిరడాలు, వెంట్రుకలు రాలే కమానులు. ఏ వ్యాపారికైనా నోరూరే సంగతి.

"మీరు ఊళ్లు తిరగక్కర్లేదండి. ఆ మనిషి మా మేడ మీదే ఉంది" అన్నాను.

పైకి వెళ్లేసరికి అత్తగారు జుట్టు విరబోసుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. "వచ్చావా. ఈ ముడి వేసి పో" అన్నారు. ఆ మధ్య నాకు తగిలిన కొత్త పని అది. ఆవిడ జుట్టు వేలికి చుడుతూ సంగతి చెప్పాను.

"టీచర్లకా? పిల్లలకి చెప్పినదాన్నే గానీ టీచర్లకి నేనేం చెప్పగలను?"

"పెద్దయిన పిల్లలే కదా అత్తయ్యా వాళ్లూ."

"నీ ఎత్తు నాకు తెలీదనుకోకు. తీగలు అమ్ముకోవాలని నీ ఆత్రం."

"అదీ ఉంది" అన్నాను. ఆవిడ దగ్గర దాచి లాభం లేదు. "ఈ గది ఇంత ఖాళీగా ఉంటే నాకు కింద కాలూ చెయ్యీ ఆడటం లేదు. అదీ ఉంది."

ముడిలో ఆఖరి పిన్ను గుచ్చాను. తర్వాత, "సరే. ఒక షరతు" అన్నారు. "నేను వాయించను. నా వయొలిన్ పెట్టె తెరవను. వాయిస్తే వింటూ కూర్చుంటారు గానీ నేర్చుకోరు."

ఎంత లోతైన మాట అనుకున్నాను. కిందికొచ్చి మా ఆయనకి చెబితే, జిగురు కలుపుతున్న పుల్ల ఆపి, "అమ్మ వాయించకుండా పాఠం చెప్పగా నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు. వాయించని పాఠానికి కూడా తీగలు కావాలి కదా అని నా పనిలో నేను పడ్డాను.

వచ్చినవాళ్లలో లెక్కల మాస్టారు ఒకాయన, డ్రిల్లు మాస్టారు ఒకాయన, భూగోళం చెప్పే టీచరమ్మ, ఇంకా ఆరుగురు. డ్రిల్లు మాస్టారి భుజాల మధ్య వయొలిన్ పిల్లల బొమ్మలా కనిపించేది. ఆయన మెడలో ఈల ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది, సెలవుల్లో కూడా. భూగోళం టీచరమ్మ ఎంత మెల్లగా మాట్లాడేదంటే, ఆవిడ చెప్పే దేశాలు పిల్లలకి ఎలా వినపడతాయో అని నాకు దిగులేసేది.

మా అత్తగారి బోధనంతా రెండు మాటల్లో ఉండేది: "ఇలా కాదు. ఇలా." మొదటి 'ఇలా'కి శిష్యుడు చేసిన తప్పు వాయించి చూపేవారు. రెండో 'ఇలా'కి ఒప్పు వాయించేవారు. పిల్లలు ఆ రెండింటి మధ్యా తేడా చెవితో పట్టుకుని, కళ్లతో పట్టుకుని, ఎలాగో గట్టెక్కేవాళ్లు. పట్టుకోలేనివాళ్లు మానేసేవాళ్లు. ఇప్పుడు వయొలిన్ పెట్టెలోనే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఎడం చెయ్యి గాల్లో ఆడిస్తూ అవే రెండు మాటలు అనేవారు.

"ఇలా కాదు. ఇలా."

తొమ్మిది మందీ ఆ గాలిలోకి చూసేవాళ్లు.

"ఇలా అంటే ఎలా మేడమ్?" అని లెక్కల మాస్టారు లేచి నిలబడేవారు.

"ఇలా అంటే ఇలాగే."

"కమాను తీగకి ఎంత కోణంలో ఉండాలో చెబితే నేను గీసుకుంటాను."

"గీసుకుని దాన్ని వాయిస్తారా?"

అందరూ నవ్వేవాళ్లు. నవ్వయ్యాక మళ్లీ గాలిలోకి చూసేవాళ్లు. టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకే తల ప్రాణం తోకకొచ్చేది. వాళ్లు వాయిస్తే చెవులు చిల్లులు పడేవి, ఆపితే గది బావురుమనేది. పర్యవేక్షకురాలు సెలవుల చివర వచ్చి ఒక పాఠం చూస్తానని చెప్పి వెళ్లింది. ఈ లెక్కన చూడటానికి ఏం ఉంటుంది? "కాస్త వాయించి చూపించరాదూ" అని మెట్ల మీద గొణిగాను ఒకసారి. "షరతు షరతే" అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా.

ఆ షరతు ఆవిడే తెంపుకున్నారు. ఒక మధ్యాహ్నం భూగోళం టీచరమ్మ ఒకే చోట పదే పదే తడబడుతోంది. కమాను తీగ మీద గెంతుతోంది. "ఇలా కాదు" అన్నారు అత్తగారు. మళ్లీ గెంతింది. "ఇలా కాదమ్మా!" టీచరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్తగారు విసురుగా లేచి, ఆవిడ చేతిలోంచి వయొలినూ కమానూ లాక్కున్నారు.

"ఇలా!"

చాలాకాలం తర్వాత ఆవిడ వాయించగా విన్నాను. పాట చిన్నది, ఒక ఊపిరంత. కానీ గదిలో గాలి మారిపోయింది. వాళ్లు కుర్చీల అంచుకి జరిగి కళ్లార్పకుండా చూశారు. నేనూ చూశాను. అయితే నేను సరుకు చూసే అలవాటుతో చూశాను. ఆవిడ పెదవులు బిగిసి తెల్లబడ్డాయి, నుదురంతా చెమట. వాయించడం అవగానే వయొలిన్ టీచరమ్మ ఒళ్లో పెట్టేసి, "ఇవాళ్టికి చాలు, వెళ్లండి" అన్నారు.

మర్నాడు పొద్దున వాళ్లు మామూలు కన్నా ముందే వచ్చారు. మెట్లెక్కుతుంటేనే ఉత్సాహం తెలుస్తోంది. డ్రిల్లు మాస్టారు షాపులో ఆగి, "అమ్మా, దొరికిందండి కిటుకు! నిన్న అందరం మా బళ్లో కూర్చుని సాధన చేశాం. మీరూ పైకి రండి, వినాలి" అన్నారు. ట్రే పట్టుకుని వెనకే వెళ్లాను.

తొమ్మిది మందీ వరసగా కూర్చుని వయొలిన్లు ఎత్తారు. కుడి భుజం చెవి దాకా ఎగదోశారు. మోచెయ్యి పక్కటెముకలకి అతికించారు. మెడ ఒక పక్కకి వాల్చారు. కమానుని జానెడు మేర మాత్రమే ముందుకీ వెనక్కీ రాపాడించడం మొదలుపెట్టారు. అంత పెద్ద డ్రిల్లు మాస్టారు కూడా చలికి ముడుచుకున్న పిట్టలా ఉన్నారు. లెక్కల మాస్టారి పెదవులు గట్టిగా బిగిసి ఉన్నాయి. అది కూడా వదల్లేదు పాపం.

అత్తగారు వరస ఆ చివర్నించి ఈ చివరి దాకా ఒక్కొక్కర్నే చూసుకుంటూ వచ్చారు. అద్దాల షాపులోకి అడుగుపెట్టిన మనిషిలా.

"ఆపండి" అన్నారు.

ఆపారు. డ్రిల్లు మాస్టారు ఆనందంగా, "మీ బాణీ పట్టుబడింది కదండీ మేడమ్? ఈ భుజం దగ్గరే ఉంది రహస్యమంతా. మొదట నొప్పెట్టింది గానీ" అన్నారు.

"అది బాణీ కాదు నాయనా" అన్నారు అత్తగారు. "అది నా నొప్పే."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కుడి చెయ్యి మెల్లగా ఎత్తి చూపించారు. అది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఎడం చేత్తో దాన్ని ఇంకాస్త తొయ్యబోయి మానేశారు. నాకు అప్పుడు, ఆ గుమ్మంలో, రోజూ నేను వేస్తున్న జుట్టు ముడి గుర్తొచ్చింది. పంపించేసిన శిష్యులందరూ ఒక్కొక్కరుగా గుర్తొచ్చారు.

లెక్కల మాస్టారు తన మోచెయ్యిని పక్కటెముకల నుంచి విడదీసి, ఏం చెయ్యాలో తెలీక ఒళ్లో పెట్టుకున్నారు.

"వేరేవాళ్లని చూసుకోండి. మీ అధికారికి నేనే చెబుతాను" అని అత్తగారు లేచి, వాళ్ల మధ్యలోంచి నడిచి, నన్ను దాటుకుని కిందికి దిగిపోయారు.

వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నారు నేను వెళ్లేసరికి. నేను ట్రేలోని టీలు గిన్నెలోకి ఒంపి మళ్లీ పొయ్యి మీద పెట్టాను. చేతికి ఏదో ఒక పని కావాలి కదా.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి. డాక్టరు భుజం బిగుసుకుపోయిందన్నాడు. వదిలినా వదలచ్చు, వదలకపోనూ వచ్చు అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి చదువెందుకు?"

"మాకు చెప్పచ్చుగా అత్తయ్యా."

"చెబితే? నువ్వు జాలిపడతావు, వాడు జిగురు పెడతానంటాడు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"వాయించడం వచ్చినవాళ్లు కదా, నోటి మాటతో నెట్టుకురావచ్చనుకున్నాను. నా దగ్గర మాటలే లేవని ఇప్పుడు తెలిసింది. నాకున్న సరుకంతా ఇందులోనే ఉందే అమ్మాయ్" అని కుడి చెయ్యి తట్టుకున్నారు. "ఇది లేవకపోతే నేను టీచర్ని కాను. మేడ మీద అద్దె లేకుండా ఉండే ముసలిదాన్ని."

జాలి పడితే కొట్టేలా ఉన్నారు. అందుకని బేరానికి దిగాను.

"నేను వాయించగలిగిన సరుకే అమ్మాలంటే మన షాపు ఎప్పుడో మూతపడేది. ఒక్క స్వరం రాదు నాకు. అయినా అమ్మటం లేదూ?"

"నువ్వు అమ్ముతావు. నేను చెప్పాలి."

"నేనూ చెప్పే అమ్ముతాను. కొత్తగా కొనేవాళ్లకి కమాను ఎలా పట్టుకోవాలో ఎవరు చెబుతున్నారనుకున్నారు? పిడికిలి బిగించి పట్టుకుని మొదటి రోజే పాడుచేసుకొస్తుంటే పడలేక, నేనే ఒక మాట కల్పించాను."

"ఏమని?"

"వేడి టీ గ్లాసు అంచు పట్టుకుని పైకెత్తినట్టు పట్టుకోమంటాను. గట్టిగా పడితే కాలుతుంది, వదిలేస్తే పడిపోతుంది."

 అత్తగారు ముందున్న ఖాళీ గ్లాసుని అంచు పట్టుకుని ఎత్తి, తన వేళ్లు తనే చూసుకున్నారు.

"బొటనవేలు తప్పు" అన్నారు. "ఇంత నిటారుగా ఉండకూడదు. వంగాలి." గ్లాసు దించారు. మళ్లీ ఎత్తారు. "తప్పే. కానీ పనికొచ్చే తప్పు."

ఆ టీ గ్లాసు పట్టుకునే మేడ మెట్లెక్కారు. వాళ్లెవరూ కదల్లేదు. తొమ్మిది మందీ ఎక్కడివాళ్లు అక్కడే, తలలు వంచుకుని, దండన కోసం చూసే పిల్లల్లా కూర్చుని ఉన్నారు. ఆవిడ వెళ్లి తన కుర్చీలో కూర్చుని, డ్రిల్లు మాస్టార్ని పిలిచారు.

"మీ ఈల పనిచేస్తుందా?"

"భేషుగ్గా మేడమ్."

"ఈ గదిలో ఇక ఎవరైనా 'ఇలా' అంటే ఊదండి. నేనన్నా సరే."

"మీరు అన్నా..."

"అన్నవాళ్లు గది ఊడవాలి. ఊఁ, మొదలుపెడదాం. ముందు ఈ గ్లాసుని అందరూ ఇలా..."

ఈల మోగింది. తనే ఊది తనే హడలిపోయారు డ్రిల్లు మాస్టారు. అత్తగారు మారుమాట్లాడకుండా లేచి, మూలనున్న చీపురు ఎడం చేత్తో అందుకున్నారు.

ఆ తర్వాత రోజులన్నీ నా జ్ఞాపకంలో ఒకే పొడుగాటి పగలు. మేడ మీంచి వయొలిన్లు, మధ్యమధ్య ఈలలు, నవ్వులు, చీపురు చప్పుడు. "ఇంతకీ అది సంగీతం క్లాసా, ఫుట్‌బాలా?" అనేవాడు దర్జీ. మొదట్లో ఆ గది మా ఇంట్లోకెల్లా శుభ్రంగా ఉండేది. నేల అరిగిపోతుందేమోనని మా ఆయన హాస్యమాడాడు. ఆయన హాస్యమాడటం ఏడాదికోసారి పండే పంట. అంతలో ఈలలు పలచబడ్డాయి. మాటలు దొరకసాగాయి.

లెక్కల మాస్టారు, "కమాను తీగకి లంబంగా నడవాలి" అని ఎంతో సంబరంగా తెచ్చారు.

"ఎనిమిదేళ్ల పిల్లకి లంబం అంటే ఏం తెలుసండీ?" అన్నారు అత్తగారు.

ఆయన రెండు రోజులు మథనపడి, "కిటికీ తెర లాగినట్టు. కడ్డీ వెంటే పోవాలి, చివరి దాకా" అన్నారు. అత్తగారు కళ్లు మూసుకుని ఎడం చేత్తో ఒక తెర లాగి చూసుకున్నారు. "ఉంచండి దాన్ని" అన్నారు. బంగారం గీసి చూసిన కంసాలి కూడా అంత సంతృప్తిగా తలాడించడు.

భుజాలు బిగబట్టకూడదని చెప్పడానికి డ్రిల్లు మాస్టారు ఒక మాట తెచ్చారు. మోచేతిని ఎక్కడ ఉంచాలో భూగోళం టీచరమ్మ చెప్పింది, నదిలో చెయ్యి వేలాడేసినట్టు అని. ఆవిడ గొంతు మెట్ల కింది దాకా వినపడటం అప్పుడే మొదలు. అందరూ కొంచెం వచ్చిన ధీమాలో ఉన్నారనిపించినప్పుడు అత్తగారు కమానులు ఎడం చేతికి మార్పించారు. వయొలిన్ కుడి భుజం మీద, కమాను ఎడం చేతిలో. అంత వాయించేవాళ్లూ ఒక్క దెబ్బతో పసివాళ్లయిపోయారు. కమానులు జారిపోయాయి, ముక్కులకి తగిలాయి. "ఇదీ మీ పిల్లలకి మొదటి రోజు" అన్నారు అత్తగారు. "దీన్ని మరిచిపోయినవాళ్లు పాఠం చెప్పకండి. నేను మరిచిపోయి చాలా ఏళ్లు చెప్పాను." ఆ చివరి ముక్క ఎవరితోనో కాదు, కిటికీతో అన్నట్టు అన్నారు.

చెయ్యి మాత్రం అంతే. రోజూ పొద్దున డ్రిల్లు మాస్టారు గోడ మీద ఆవిడ వేళ్లని నడిపించి, ఎంత దాకా పోతాయో చూసేవారు. రొమ్ము దాకానే పోయేవి. "రేపు చూద్దాం మేడమ్" అనేవారు. "చూద్దాం" అనేవారు ఆవిడ. ఇద్దరూ అబద్ధమాడుతున్నామని ఇద్దరికీ తెలుసు.

పర్యవేక్షకురాలు వచ్చే రోజు రానే వచ్చింది. గదిలో ఆవిడకి ఎత్తు కుర్చీ వేశాం. పాఠం చెప్పాల్సింది భూగోళం టీచరమ్మ. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, నేర్చుకునే మనిషి లేడని. సెలవులు కదా, పిల్లలు లేరు. టీచర్లందరూ వాయించడం వచ్చినవాళ్లే.

"వయొలిన్ ఎప్పుడూ పట్టని మనిషి కావాలి" అంది పర్యవేక్షకురాలు గడియారం చూసుకుంటూ.

డ్రిల్లు మాస్టారు నా వైపు చూశారు. ఆయన్ని చూసి అందరూ చూశారు. నా చేతిలో ట్రే ఉంది.

"నేనా? నాకు అమ్మడమే తెలుసండి. రోజూ ముట్టుకుంటూనే ఉంటాను."

"దుమ్ము దులపడానికి" అన్నారు అత్తగారు. "అమ్మాయ్, కూర్చో."

అన్నేళ్లలో ఆవిడ నన్ను ఆ గదిలో కూర్చోమనడం అదే మొదటిసారి. అప్పటిదాకా నేను అడగనూ లేదు, ఆవిడ అననూ లేదు.

"ముందు ఆ ట్రే కింద పెట్టండి" అంది టీచరమ్మ మెల్లగా. నవ్వులు. వయొలిన్ నా భుజానికి చేరింది. ఆవిడ నన్ను ముట్టుకోలేదు. ఎదురుగా నిలబడి చెప్పింది. "రోజంతా మోసిన సంచీలు ఇంటికొచ్చి గుమ్మంలో దించారనుకోండి. ఎక్కడివక్కడ దించేయండి." నా భుజాలు దిగాయి. అవి అంతసేపూ, బహుశా అన్నేళ్లూ, పైకే ఉన్నాయని దిగాక తెలిసింది. "ఇప్పుడు కమాను. వేడి టీ గ్లాసు తెలుసుగా." తెలుసు. "బొటనవేలు కాస్త వంచండి. ఇక కిటికీ తెర. తొందర లేదు. చివరి దాకా."

లాగాను. ముందు గరగర. తర్వాత ఎక్కడో సగం దారిలో గరగర తప్పుకుంది. ఆ శబ్దం నా దవడలోకి ఎక్కి, అక్కణ్ణుంచి రొమ్ములోకి దిగింది. తెర అయిపోయింది. అప్పుడు మా ఆయన దగ్గు వినపడింది. ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో జిగురు చేతులతో నిలబడి ఉన్నాడు.

పర్యవేక్షకురాలు మా అత్తగారి వైపు తిరిగింది. మొహంలో గొడుగు విచ్చుకుంది. "మేడమ్, మీ వాయిద్యం గురించి ఎంతో విన్నాను. వెళ్లేలోపు ఒక్కటి, చిన్నది, వినిపించండి."

 లెక్కల మాస్టారు నేల వైపు చూశారు.  ఏదో ఒక వంక చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అక్కర్లేదన్నట్టు చూశారు.

"నా చెయ్యి లేవదమ్మా. వీళ్లు వాయిస్తారు, వినండి" అన్నారు. టీలో చక్కెర వద్దన్నంత మామూలుగా.

"లేవదా? మరి వీళ్లకి ఇదంతా వాయించకుండానే..."

"ఒక్కసారి వాయించారండి" అంది భూగోళం టీచరమ్మ. "అది మరిచిపోవడానికి మాకు చాలా కష్టమైంది."

డ్రిల్లు మాస్టారు మొదట నవ్వారు. అందరికన్నా ఆఖర్న, ఎడం చేత్తో కళ్లు తుడుచుకుంటూ, మా అత్తగారు నవ్వారు. పర్యవేక్షకురాలికి ఏమీ అర్థం కాక వరసగా అందర్నీ చూసింది. వచ్చే వేసవికి ఇంకొక జట్టుని పంపుతానని మాత్రం మెట్లు దిగుతూ అంది.

పంపింది కూడా. తర్వాత ఎన్నో వేసవులు మా మేడ మీద టీచర్లు కూశారు. దర్జీ పోయాడు, ఆయన కొడుకు వచ్చి అవే హాస్యాలు ఆడాడు. తీగల వ్యాపారం నేననుకున్నట్టే సాగింది, ఆ సంగతి దాచను. అత్తగారి చెయ్యి చివరి దాకా లేవలేదు. చివరి దాకా పాఠం చెప్పారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న టీచర్లు నేర్పిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి మా షాపులో చిన్న వయొలిన్లు కొనడానికి వస్తుంటారు. కమాను పట్టించి చూస్తే వాళ్ల బొటనవేళ్లు వంగి ఉంటాయి.

కానీ ఆ వేసవి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అందరూ వెళ్లిపోయిన మర్నాడు. పొద్దున్నే కుర్చీలు మడుద్దామని మేడెక్కాను. ఎనిమిది మడిచాను. తొమ్మిదోదాన్ని అత్తగారు కాలితో పట్టి ఉంచారు.

"దీన్ని ఉంచు. కూర్చో."

"షాపు తియ్యాలత్తయ్యా."

"నిన్న నీకు తీగ మోగింది కదా. ఎక్కడ మోగింది?"

"వయొలిన్లో."

"దానిలో మోగిందని నాకూ తెలుసు. నీకు ఎక్కడ మోగింది? చెప్పు. వెతుక్కుని చెప్పు. నాకు కొత్త మాటలు కావాలి, ఆ టీచర్లవి అయిపోయాయి."

కూర్చున్నాను. నోటితో బతికే దాన్ని. రాయిని చూపించి రత్నమని ఒప్పించగలను. దవడ అనబోయాను, కాదనిపించింది. రొమ్ము అనబోయాను, అదీ చాల్లేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని, లేవని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపయినా సరే అన్నట్టు చూస్తున్నారు. కింద ఎవరో షట్టరు మీద కొట్టారు. "గిరాకీ వచ్చింది, దిగుతావా?" అని మా ఆయన మెట్ల దగ్గర్నించి కేకేశాడు.

"కాసేపు ఆగమనండి" అని పైనుంచే చెప్పి, కమాను అందుకున్నాను.